ఆ నిర్ణయం మీ గదిలో జరగదు: జన్యు కౌన్సెలింగ్‌కు కూర్చునేవారికి

బిడ్డలకి జన్యు రోగం వచ్చే ముప్పు గురించి విని, కౌన్సెలింగ్ గదిలో తలూపి, "సరేనండి, మీరు చెప్పినట్టే" అని లేచిన జంట అసలు నిర్ణయం ఎక్కడ తీసుకుంటుంది? విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు కోసం నిలబడ్డప్పుడు. గాజువాకలో అత్తగారింటి వసారాలో. ఊళ్ళో పెదనాన్న వచ్చి మంచం మీద కూర్చున్నాక. అక్కడ మీరుండరు. మీరు చెప్పినదాంట్లో భార్యకి ఎంత గుర్తుంటే అంతే అక్కడికి చేరుతుంది.

అందుకే ఆవిడకి అర్థమైతే సరిపోదు, ఇంటి దగ్గర మళ్ళీ చెప్పగలగాలి. చేతిలో కాగితం ఉండాలి, దాని మీద తేదీలుండాలి. కేజీహెచ్‌లోనో, ఘోషాసుపత్రిలోనో, ప్రైవేటు ఫీటల్ మెడిసిన్ సెంటర్లోనో ఈ కుర్చీలో కొత్తగా కూర్చునే డాక్టర్లకీ, నర్సులకీ, ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ చదివి వచ్చేవాళ్ళకీ పనికొచ్చేలా ఈ వరస. (జన్యు కౌన్సెలింగ్ చేసే చోటుకి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భంలో ఆడా మగా తేల్చడాన్ని నిషేధించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొదటిరోజే చూసుకోండి.)

ముందు చుట్టరికం తేల్చండి

కుటుంబ వృక్షం, అంటే పెడిగ్రీ, కనీసం మూడు తరాలు గీయండి. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, రోగం ఉన్నవాళ్ళని నింపెయ్యాలి, దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళికి రెండు గీతలు. ఇంతవరకూ పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది మన తెలుగు వరసలు పెట్టే తికమక.

"మీది మేనరికమా?" అని అడిగితే సగం మంది కాదంటారు. తప్పు చేసినట్టు అడుగుతున్నారేమో అనుకుంటారు, లేదా అక్క కూతుర్ని చేసుకుంటే అది మేనరికం లెక్కలోకి రాదనుకుంటారు. "మీ ఆయన చుట్టమేనా?" అన్నా చాలదు, "దూరపు చుట్టం" అనేస్తారు. ఇలా అడగండి: "పెళ్ళికి ముందు మీ అత్తగారిని ఏమని పిలిచేవారు?" అమ్మమ్మ అని పిలిచేదంటే ఆవిడ మేనమామని చేసుకుంది. అత్త అని పిలిచేదంటే మేనత్త కొడుకో, మేనమామ కొడుకో అయ్యుండాలి. అక్కడ ఆగకండి. వరసకి అత్తలు ఊరంతా ఉంటారు. "మీ నాన్నా ఆవిడా ఒకే తల్లి కడుపున పుట్టారా? లేకపోతే మీ అమ్మా, మీ మావగారూ?" అని తేల్చుకోవాలి.

ఈ తేడా లెక్కలో కనిపిస్తుంది. ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి దగ్గర్నుంచి బిడ్డకి చేరే అవకాశం మేనమామ–మేనకోడలు పెళ్ళిలో 8లో 1 వంతు, మేనబావ–మరదలు పెళ్ళిలో 16లో 1 వంతు, రెండో తరం చుట్టాలైతే 64లో 1 వంతు.

"మా అన్నయ్యకీ ఇలాగే ఉండేదండి" అన్న మాట మరీ ప్రమాదం. మనకి పెదనాన్న కొడుకూ అన్నయ్యే, పెద్దమ్మ కొడుకూ అన్నయ్యే. డుషెన్ కండరాల క్షీణత, హీమోఫీలియా లాంటి ఎక్స్ క్రోమోజోము రోగాలు తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తాయి. పెద్దమ్మ కొడుక్కి ఉందంటే ఈవిడకీ ముప్పు ఉన్నట్టు. పెదనాన్న కొడుక్కి ఉందంటే, ఈవిడ తల్లిదండ్రులది మేనరికం కానప్పుడు, ఈవిడకి మామూలుగా ఆ ముప్పు ఉండదు. ఒక్క మాట అడక్కపోవడం వల్ల పెడిగ్రీ మొత్తం తప్పు కొమ్మ మీదికి వెళ్ళిపోతుంది.

ఇంకొకటి. "పిల్లలెంతమంది?" అని అడిగితే బతికున్నవాళ్ళనే చెప్తారు. "ఎన్నిసార్లు నెల తప్పింది? ఒక్కొక్కసారీ ఏమైంది?" అని అడగండి. పురిట్లో పోయిన బిడ్డ, మూడో నెలలో పోయిన కడుపు అప్పుడే బయటికొస్తాయి.

మేనరికం ఉందని తేలగానే ముఖం మార్చకండి. మామూలు జంటల్లో 100 కాన్పులకి 2 నుంచి 3 మంది పిల్లలకి పుట్టుకతో ఏదో ఒక పెద్ద సమస్య ఉంటుంది. మేనబావ–మరదళ్ళలో అది ఇంచుమించు రెట్టింపు, 4 నుంచి 6 దాకా. అంటే 94 మందికి పైగా పిల్లలు బాగానే పుడతారు. ఈ రెండు ముక్కలూ ఒకే ఊపులో చెప్పాలి. మొదటిది ఒక్కటే చెప్తే ఆ ఇంట్లో కోడలి మీద నింద పడుతుంది, రెండోది ఒక్కటే చెప్తే పరీక్షకి రారు.

పది నిమిషాలు ఆవిడతో ఒంటరిగా

అత్తగారు, ఆడపడుచు, భర్త, ఒక్కోసారి ఊరి ఆర్‌ఎంపీ కూడా లోపలికొస్తారు. వాళ్ళని వెళ్ళగొట్టక్కర్లేదు, రేపు ఆవిడకి అండ వాళ్ళే. కానీ బరువు చూడాలనో, బీపీ చూడాలనో ఆవిడని పక్క గదికి తీసుకెళ్ళి మూడు సంగతులు అడగండి: ఈ పరీక్ష ఎవరు చేయించుకోమన్నారు, ఫలితం ముందు ఎవరికి చెప్పాలి, ఇంట్లో ఎవరికీ చెప్పని కాన్పో, అబార్షనో ఉందా. కుటుంబమంతటి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తండ్రి ఎవరన్నది కూడా బయటపడొచ్చని పరీక్షకి ముందే, ఈ పక్క గదిలోనే చెప్పాలి. రిపోర్టు వచ్చాక చెప్తే ఆలస్యమే.

సంతకం ఎవరిదన్న గొడవ రోజూ వస్తుంది. చట్టం ప్రకారం ఉమ్మనీరు, మాయ ముక్క తీసే పరీక్షలకి గర్భిణి సమ్మతే కావాలి. ఆవిడకి తెలిసిన భాషలో, ఇబ్బందులన్నీ చెప్పాక, ఫారం జీ మీద రాయించుకుని, ఒక కాపీ ఆవిడకే ఇవ్వాలి. భర్త సంతకం అక్కర్లేదు. 18 ఏళ్ళు నిండిన మనిషికి గర్భస్రావం విషయంలోనూ అంతే. ఏజెన్సీ నుంచి ఒడియా, కువి మాట్లాడేవాళ్ళు వస్తే తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్తనో, నర్సునో కూర్చోబెట్టుకోండి. భర్తని దుబాసీగా పెట్టుకుంటే మీరు చెప్పినదాంట్లో ఆయనకి నచ్చిందే ఆవిడకి చేరుతుంది.

తేదీలు వెయ్యండి, నెలలు కాదు

"ఐదో నెల" అంటే మీకు ఒకటి, వాళ్ళకి ఒకటి. ఐదో నెల పడిందా, నిండిందా అన్నదాంట్లోనే నాలుగు వారాలు తేడా. ఆఖరి బహిష్టు తేదీ, మొదటి స్కాన్ రెండూ చూసి క్యాలెండరు తేదీలు రాసివ్వండి. ఉదాహరణకి ఆఖరి బహిష్టు 2025 జూన్ 1 అనుకుంటే:

జులై 27కి 8 వారాలు. భార్యాభర్తల రక్తపరీక్షలు ఈపాటికి అయిపోవాలి.
ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 6 వరకు 11–13 వారాలు. మాయ ముక్క పరీక్ష, అంటే సీవీఎస్, ఇప్పుడే. బిడ్డ మెడ వెనక నీరు కొలిచే ఎన్‌టీ స్కాన్ కూడా.
సెప్టెంబరు 21కి 16 వారాలు. ఉమ్మనీరు పరీక్ష.
అక్టోబరు 19కి 20 వారాలు. బిడ్డ అవయవాల లోపాలు చూసే టిఫా స్కాన్ ఈ చుట్టుపక్కల.
నవంబరు 16కి 24 వారాలు.

ఆఖరి రెండు తేదీలకీ చట్టంతో ముడి ఉంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం గర్భం తీయించుకోవడానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు, బిడ్డకి తీవ్రమైన లోపం లాంటి కొన్ని కారణాలకి, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. ఉమ్మనీటి క్రోమోజోముల కల్చర్‌కి రెండు, మూడు వారాలు పడుతుంది. 19వ వారంలో సూది వేస్తే ఫలితం 22లో వస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవడానికి మిగిలేది కొన్ని రోజులే. పైగా అమావాస్య వద్దంటారు, మంగళవారం వద్దంటారు, సీమంతం అయ్యాక వస్తామంటారు. వాదించకండి. ముందే వారం రోజులు అదనంగా పట్టుకుని తేదీ ఇవ్వండి.

థలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త రోగాల్లో అసలు జాప్యం భర్త దగ్గర జరుగుతుంది. భార్యకి హెచ్‌పీఎల్‌సీలో (హీమోగ్లోబిన్ రకాలు చూసే రక్తపరీక్షలో) క్యారియర్ అని, అంటే రోగం లేకుండా జన్యు మార్పు మోస్తోందని రాగానే అదే రోజు భర్త రక్తం తీయాలి. ఆయన గల్ఫ్‌లో ఉన్నా, ఓడ మీద ఉన్నా, దగ్గర్లో ఎక్కడ చేయించుకోవచ్చో కనుక్కుని రిపోర్టు తెప్పించండి. ఇద్దరి జన్యు మార్పూ ఏదో కచ్చితంగా తెలియకుండా సీవీఎస్ చేసి లాభం లేదు, దాన్ని కనుక్కోవడానికే రెండు మూడు వారాలు పోతాయి.

పరీక్షలు ఎక్కడ మోసం చేస్తాయి

అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి సికిల్ సెల్ కార్డు పట్టుకుని వచ్చేవారు ఉంటారు. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద అక్కడ పరీక్షలు జరుగుతున్నాయి. కార్డు ఏ పరీక్ష మీద ఇచ్చారో చూడండి. సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ అంటే సికిల్ హీమోగ్లోబిన్ ఉందని మాత్రమే. క్యారియరా, రోగమా అన్నది హెచ్‌పీఎల్‌సీ చేస్తేనే తెలుస్తుంది.

గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నారా అని అడగడం మరవకండి. ఎక్కించుకుంటే హెచ్‌పీఎల్‌సీలో దాత రక్తం కూడా కలిసి కనిపిస్తుంది. ఐరన్ బాగా తక్కువగా ఉంటే హీమోగ్లోబిన్ ఏ2 కొంచెం తగ్గి, క్యారియర్ అని గుర్తించే 3.5 శాతం గీత కిందికి జారి, థలసీమియా క్యారియర్ నార్మల్‌గా కనిపించొచ్చు. ఐరన్ మాత్రలు వేసి మూడు నెలల తర్వాత చూద్దాం అనే పద్ధతి గర్భిణికి పనికిరాదు. అనుమానం ఉంటే డీఎన్‌ఏ పరీక్షకి పంపండి, ఈలోగా భర్తకి హెచ్‌పీఎల్‌సీ చెయ్యండి.

ఎక్కువగా జారిపోయేది ఇది: భార్య సికిల్ క్యారియర్, భర్త బీటా థలసీమియా క్యారియర్. "ఇద్దరివీ వేరే వేరే కదా, భయం లేదు" అని పంపించేస్తారు. రెండూ ఒకే జన్యువులో మార్పులు. బిడ్డకి సికిల్–థలసీమియా వచ్చే అవకాశం ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు.

అంకెలకి చింతపిక్కలు

"25 శాతం" అనగానే చాలామందికి అర్థమయ్యేది: నలుగురు పిల్లలు పుడితే ఒకరికి వస్తుంది, మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి ఇక ముగ్గురికి ఫర్వాలేదు. ఈ అపార్థం మాటలతో పోదు.

బల్ల సొరుగులో రెండు చింతపిక్కలు ఉంచుకోండి, అష్టాచెమ్మా ఆడేవాళ్ళు అరగదీసినట్టు ఒకవైపు తెల్లగా అరగదీసి. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. నల్లవైపు మామూలు జన్యువు, తెల్లవైపు మార్పు ఉన్నది. రెండూ కలిపి ఆవిడనే వెయ్యమనండి. రెండూ తెల్లగా పడితే బిడ్డకి రోగం. ఒకటి నలుపు, ఒకటి తెలుపు అయితే బిడ్డ కూడా అమ్మానాన్నల్లాగే క్యారియర్, రోగం లేదు. రెండూ నలుపైతే ఏమీ లేదు. ఇరవైసార్లు వేయించి గీతలు పెట్టండి. వరసగా రెండుసార్లు తెలుపు–తెలుపు పడినప్పుడు ఆపి అడగండి: "ఇంతకుముందు ఏం పడిందో పిక్కకి గుర్తుంటుందా?" ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళే చెప్తారు, ఇంటికెళ్ళి అదే ఆట అత్తగారి ముందు వేసి చూపిస్తారు. (అరగదీసిన పిక్క సరిగ్గా సగం సగం పడకపోవచ్చు. లెక్క కచ్చితంగా కావాలనేవాళ్ళకి రూపాయి బిళ్ళలు ఇవ్వండి.)

స్క్రీనింగ్ అంకెలకి ఇంకో జాగ్రత్త. 250లో 1, 900లో 1 అని పక్కపక్కన పెడితే 900 పెద్దది కాబట్టి ముప్పు కూడా పెద్దదనుకునేవారున్నారు. రెండింటినీ 1,000 మందికి మార్చి చెప్పండి: ఒకటి 4, రెండోది 1. వెంటనే రెండో వైపు కూడా: మొదటిదాంట్లో 996 మందికి లేదు.

"పాజిటివ్" అన్న మాటని కరోనా వచ్చాక ఎవరూ మామూలుగా వినడం లేదు. పాజిటివ్ అంటే వచ్చేసినట్టే. అందుకని ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోముల లోపాల ముప్పు చూసే పరీక్ష) కాగితం చేతికిచ్చే ముందు లెక్క వేసి చూపించాలి. డౌన్ సిండ్రోమ్ 1,000లో 1 ఉండే వయసు తల్లులు 10,000 మంది పరీక్ష చేయించుకున్నారనుకోండి. వాళ్ళలో బిడ్డకి నిజంగా ఉన్నది 10 మందికి, పరీక్ష దాదాపు అందరినీ పట్టుకుంటుంది. వెయ్యికి ఒకసారి పొరపడే పరీక్ష అనుకున్నా, మిగతా 9,990 మందిలో ఇంకో 10 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 20 మందిలో సగం మంది పిల్లలు బాగానే ఉన్నారు. అదే 100లో 1 ఉండే 40 ఏళ్ళ తల్లులైతే పాజిటివ్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి నిజమే. ఏ వయసువాళ్ళకైనా ఉమ్మనీరో, సీవీఎస్సో చేసి నిర్ధారించకుండా గర్భం గురించి నిర్ణయం తీసుకోవద్దని ఆ కాగితం మీదే రాయండి. ఆ పరీక్షల వల్ల గర్భం పోయే ముప్పు ఉందని, మామూలుగా అది 100లో 1 కంటే తక్కువని కూడా రాయండి.

"మీరైతే ఏం చేస్తారు మేడం?"

తప్పకుండా అడుగుతారు. "అది మీ ఇష్టమమ్మా" అని తప్పించుకుంటే సమాచారం ఇచ్చి చెయ్యి వదిలేసినట్టే. "నేనైతే తీయించేస్తాను" అంటే ఆ బరువు జీవితాంతం మీ పేరు మీద ఆ ఇంట్లో ఉంటుంది. మధ్యలో ఒక దారి ఉంది. "నా ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. మీకు దేన్ని చూస్తే ఎక్కువ భయం?" అని అడిగి ఊరుకోండి. నిమిషం సేపు మౌనంగా ఉండటం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. తర్వాత వచ్చే మాటే అసలైంది. ఒకావిడ నెలనెలా రక్తం ఎక్కించడానికి తిరగలేనంటుంది. ఒకావిడ ఐదేళ్ళకి నిలిచిన కడుపు, సూది ముప్పు కూడా వద్దంటుంది. ఇద్దరికీ ఒకే అంకె చెప్పారు, ఇద్దరి నిర్ణయమూ సరైనదే.

దారులన్నీ ఒకే గొంతుతో చెప్పండి. గర్భంలో పరీక్ష చేయించుకోవడం. ఏ పరీక్షా చేయించుకోకుండా బిడ్డ పుట్టాక వెంటనే రక్తపరీక్ష చేయించి వైద్యం మొదలుపెట్టడం. వచ్చేసారికి ఐవీఎఫ్‌లో పిండానికే పరీక్ష. దాత వీర్యం లేదా అండం. దత్తత. ఇక పిల్లలు వద్దనుకోవడం. మన దగ్గర రెండోదాన్ని చాలామంది కౌన్సెలర్లు అసలు దారిగానే చెప్పరు, అది లోపమే. రోగాన్ని కూడా పూర్తిగా చూపించాలి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకి పెన్సిలిన్, టీకాలు, హైడ్రాక్సీయూరియా ఉన్నాయని, థలసీమియాకి జీవితాంతం రక్తం, ఐరన్ తీసే మందులు కావాలని, మూలుగ మార్పిడికి తోడబుట్టినవాళ్ళు సరిపడే అవకాశం ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతని చెప్పండి. ఒప్పుకుంటే అదే రోగం ఉన్న పిల్లల తల్లితో పది నిమిషాలు మాట్లాడించండి.

చివర్లో "అర్థమైందా?" అని అడక్కండి. "ఆఁ, అర్థమైందండి" తప్ప ఇంకో జవాబు రాదు. "ఇంటికెళ్ళాక మీ అత్తగారికి ఏం చెప్తారో నాకు చెప్పండి" అనండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే మళ్ళీ చెప్పాలి.

ఇంటికి పంపే కాగితం

ఒకే పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలు. రోగం పేరు తెలుగు లిపిలో. అంకె రెండు వైపులా. దారులు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ఆఖరి తేదీ. ఖర్చు ఎంతో, ఏది ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతుందో. మీ ఫోన్ నంబరు, ఏ టైములో ఎత్తుతారో. "ఇది ఎవరి తప్పూ కాదు, గ్రహణం వల్లా తిండి వల్లా వచ్చింది కాదు, ఇద్దరి దగ్గర్నుంచీ చెరొకటి వచ్చింది" అన్న వాక్యం రిసెసివ్ రోగాల (రెండు కాపీలూ మారితేనే వచ్చే రోగాల) కాగితం మీద తప్పనిసరిగా ఉండాలి. పెద్దల ముందు కోడలిని కాపాడేది ఆ వాక్యమే. ఎక్స్ క్రోమోజోము రోగాలకి దాన్ని మార్చి రాయాలి. అక్కడ తల్లి క్యారియరా కాదా ముందు చూడాలి. డుషెన్‌లో దాదాపు మూడోవంతు పిల్లలకి ఆ మార్పు కొత్తగా వచ్చిందే. తల్లి రక్తంలో మార్పు లేకపోయినా అండాల్లో కొన్నింటిలో ఉండొచ్చు కాబట్టి తర్వాతి కాన్పుకి పరీక్ష వద్దని చెప్పకూడదు.

రిపోర్టు పీడీఎఫ్ లాబ్ నుంచి నేరుగా భర్త వాట్సాప్‌కి వెళ్ళకుండా ముందే ఆపండి. ఆడో మగో చట్టప్రకారం చెప్పకూడదు, మాటతోనూ, సైగతోనూ. ఎక్స్ రోగాల్లో కూడా బిడ్డకి రోగం ఉందా, లేదా అన్నంతవరకే. "వీయూఎస్" అని వస్తే, అంటే మంచిదో చెడ్డదో ఇంకా తేలని మార్పు వస్తే, దాన్ని పట్టుకుని గర్భం గురించి నిర్ణయం తీసుకోకూడదని గట్టిగా చెప్పండి. ఇక్కడ మాత్రం మెత్తగా ఉండక్కర్లేదు.

రెండు మిల్లీలీటర్ల రక్తం

ఐసీయూలో ఉన్న బిడ్డకి పేరు తెలియని జన్యు రోగం ఉందనిపించి, బతకడం కష్టమని అర్థమైతే, ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 2 నుంచి 3 మిల్లీలీటర్ల రక్తం తీసి డీఎన్‌ఏ భద్రపరచడానికి ఒప్పుకుంటారా అని తల్లిదండ్రులని అడగండి. ఆ గడియలో అడగడం నోరు రాని పని. కానీ ఆ బిడ్డలో మార్పు ఏదో తెలియకపోతే వచ్చే కాన్పులో దేని కోసం వెతకాలో ఎవరికీ తెలియదు, మీ దగ్గర చెప్పడానికి "25 శాతం ఉండొచ్చు" అన్న ఊహ తప్ప ఏమీ మిగలదు. క్రోమోజోముల పరీక్షకైతే పచ్చ మూత హెపారిన్ ట్యూబు, గడ్డకట్టించకుండా 24 నుంచి 48 గంటల్లో లాబ్‌కి చేరాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌కో, సీడీఎఫ్‌డీకో పంపేటప్పుడు శనివారం సాయంత్రం కొరియర్ చేస్తే ఆదివారమంతా అది ఎక్కడో గోడౌన్‌లో పడుంటుంది. సోమ, మంగళవారాలు పెట్టుకోండి.

గర్భం కొనసాగించినా, ఆపినా, ఆరు వారాల తర్వాత ఒకసారి మీరే ఫోన్ చేసి పిలవండి. ఆపినవాళ్ళకి ఆ తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యరు. భార్య రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే గర్భం ఆపిన రోజే యాంటీ–డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో చూడండి. ఇద్దరి తోడబుట్టినవాళ్ళలో పెళ్ళి కావలసినవాళ్ళు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఎవరున్నారో పెడిగ్రీలో గుర్తు పెట్టి, వాళ్ళకి హెచ్‌పీఎల్‌సీ చేయించమని ఒక ఉత్తరం ఈ జంట చేతికే ఇవ్వండి. మీరు నేరుగా వాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే నెల తప్పకముందే రమ్మనండి. ఫోలిక్ యాసిడ్ కనీసం ఒక నెల ముందు నుంచి, రోజుకి 400 మైక్రోగ్రాములు. ఇంతకుముందు బిడ్డకి వెన్నుపూస లోపం ఉండుంటే 4 నుంచి 5 మిల్లీగ్రాములు, 12వ వారం వరకు. ఆ ఫైలు మీద పాత కాగితం కాపీ పిన్ను చేసి ఉంచండి, వాళ్ళు వచ్చేసరికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉండొచ్చు.